ఉంగరానికి చుట్టిన దారం



మా బావగారి ఉంగరానికి మా అక్క మొదటిసారి దారం చుట్టింది దసరా ముందు. వదులైంది, చెయ్యి కడుక్కుంటుంటే జారిపోతోంది అన్నారాయన. సంక్రాంతికి ఆ దారం మీద ఇంకో వరస పడింది. ఉగాదికి ఉంగరం తీసి బీరువాలో పెట్టేశారు. ఆ ఆరు నెలలూ ఇంటిల్లిపాదీ ఆయన కడుపులో ఉన్న గడ్డ గురించే మాట్లాడుకున్నాం. స్కానింగులో ఏం వచ్చింది, కీమో ఎన్నోది, గడ్డ ఎంత తగ్గింది. వేలు సన్నబడుతోందంటే లోపల ఇంకో జబ్బు కూడా నడుస్తోందని మాలో ఎవరికీ తట్టలేదు. 30 ఏళ్ళు ఫార్మసీ విద్యార్థులకు మూలికల పాఠం చెప్పిన నాకూ తట్టలేదు. ఇవాళ నేను మాట్లాడేది ఆ రెండో జబ్బు గురించి, దానికి మన మొక్కల్లో మందు దొరుకుతుందా అన్న ప్రశ్న గురించి.

బావగారిది దుగ్గిరాల పక్క పల్లె. పసుపు రైతు. కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో ఆ ఊరంతా ఒకటే వాసన. ఆయన చేతి గీతల్లో ఆ రంగు ఏడాది పొడుగునా ఉండేది. దిట్టమైన మనిషి, 72 కిలోలు. జీర్ణకోశంలో క్యాన్సర్ అని తేలాక మొదట తగ్గింది ఆకలి. అక్క రోజూ కంచం ముందు కూర్చుని బతిమాలేది. "ఇంకో రెండు ముద్దలండీ, తినకపోతే ఒంట పట్టేదెలా?" అనేది. ఆయన "దిగట్లేదే" అనేవారు. మొదట్లో మెత్తగా అన్న మాట పోనుపోను విసుగైంది. ఆమె వంటింట్లోకి వెళ్ళి కళ్ళు ఒత్తుకునేది. నేను కూడా ఒకరోజు, "బావా, మీరు కాస్త మనసు పెట్టి తినాలి" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. ఎందుకంటే ఆయన తినకపోవడం మొండితనం కాదు. తిన్నదైనా ఒంట పట్టకపోవడం అక్క వంటలో లోపం కాదు.

ఈ జబ్బును వైద్యులు క్యాకెక్సియా అంటారు. గ్రీకు మాట, చెడ్డ స్థితి అని అర్థం. మనవాళ్ళు చిక్కి శల్యమయ్యాడు అంటారే, అది. ముదిరిన క్యాన్సర్ రోగుల్లో సగం మంది నుంచి 80 శాతం దాకా దీని పాలబడతారని లెక్క. క్యాన్సర్ మరణాల్లో ఇంచుమించు ఐదింట ఒకటి ఈ కృశించడం వల్లనే. క్లోమం, జీర్ణకోశం, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఇది మరీ ఎక్కువ. 2011లో అంతర్జాతీయ నిపుణులు కూర్చుని దీనికి ఒక గీత గీశారు. బరువు తగ్గాలని ప్రయత్నం ఏదీ చేయకుండా ఆరు నెలల్లో 5 శాతానికి మించి తగ్గితే ఇది మొదలైనట్టే. ముందే సన్నగా ఉన్నవాళ్ళకైతే 2 శాతం చాలు. 72 కిలోల మా బావగారికి ఆ గీత మూడున్నర కిలోల దగ్గర ఉంది. దీపావళికే దాటేశారు. మేము చూసుకోలేదు.

ఉపవాసానికీ దీనికీ తేడా ఉంది. ఆ తేడా తెలిస్తే ఇళ్ళల్లో సగం కన్నీళ్ళు తప్పుతాయి. మనిషి పస్తుంటే శరీరం పొదుపులోకి దిగుతుంది. కొవ్వును ముందు కరిగిస్తుంది, కండను వీలైనంత కాలం కాపాడుకుంటుంది. మళ్ళీ తిండి అందగానే కోలుకుంటుంది. క్యాకెక్సియాలో ఆ పొదుపు ఉండదు. పడుకుని ఉన్నా ఖర్చు ఎక్కువే. కొవ్వు ఉన్నా లేకపోయినా కండ కరుగుతూనే ఉంటుంది. ఉత్త తిండి పెంచినంత మాత్రాన పూర్తిగా వెనక్కి రాదు అన్న మాట ఆ 2011 నిర్వచనంలోనే ఉంది. పైగా కండ తగ్గిన మనిషికి కీమో తట్టుకోవడం కష్టం. మోతాదు తగ్గించాల్సి వస్తుంది, వాయిదా వేయాల్సి వస్తుంది. అంటే ఈ రెండో జబ్బు మొదటి జబ్బు వైద్యానికే అడ్డం పడుతుంది.

లోపల ఏం జరుగుతుంది? దీని తీగ దొరికింది క్యాన్సర్ వార్డులో కాదు. ఆఫ్రికాలో పశువులను పట్టి పీడించే ఒక పరాన్నజీవి ఉంది. అది సోకిన కుందేళ్ళు ఎందుకు అంతగా చిక్కిపోతాయి అని న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ సెరామీ వెతికారు. ఆయనా బ్రూస్ బ్యూట్లరూ ఆ చిక్కిపోవడానికి కారణమైన పదార్థాన్ని పట్టుకుని కాకెక్టిన్ అని పేరు పెట్టారు. 1985లో తేలిందేమంటే, గడ్డలను చంపే పదార్థమని వేరేవాళ్ళు అప్పటికే గుర్తించిన టీఎన్‌ఎఫ్, ఈ కాకెక్టిన్ రెండూ ఒకటే. మన రక్షణ కణాలు పోరాటానికి విడిచే పదార్థమే పోరాటం ఆగకుండా సాగితే మన కండనే తింటుందన్నమాట. ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి మరికొన్ని దీనికి తోడు.

ఈ సంకేతాలు కండ కణంలోకి చేరితే అక్కడ ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే మీట పడుతుంది. తర్వాత జరిగేది చెప్పాలంటే నాకు మా వీధి రోడ్డు వెడల్పు చేసిన రోజులు గుర్తొస్తాయి. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి కూల్చాల్సిన గోడల మీద ఎర్రరంగుతో గుర్తు వేసి పోయారు. గుర్తు పడిందంటే ఆ గోడ పని అయిపోయినట్టే. కణంలో కూడా కూల్చాల్సిన ప్రోటీన్ల మీద యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు పడుతుంది. గుర్తు పడ్డవాటిని ఒక యంత్రం ముక్కలు చేస్తుంది. ఈ ఏర్పాటును కనిపెట్టిన ముగ్గురికి 2004లో నోబెల్ ఇచ్చారు. మామూలుగా ఇది పాతబడినవాటిని తొలగించే మంచి పని. కండలో ఆ గుర్తులు వేసే ఇద్దరు ముఖ్యమైన పనివాళ్ళు 2001లో దొరికారు. వాళ్ళ పేర్లు మర్ఫ్-1, అట్రోజిన్-1. క్యాన్సర్ వచ్చినప్పుడు వీళ్ళు మంచి గోడల మీద కూడా ఎర్రగీతలు గీసుకుంటూ పోతారు. ఇంకోపక్క జీడీఎఫ్-15 అనే పదార్థం మెదడు కాండానికి కబురు పెట్టి ఆకలిని నొక్కేస్తుంది, వికారం పుట్టిస్తుంది. నోటికి ఏదీ హితవు కాకపోవడం వెనక ఇలాంటి రసాయనం ఉంది.

ఇది విన్నాక మూలికల మనిషికి ఒక ఆశ పుట్టడం సహజం. మంటను చల్లార్చే మొక్కలు మన పెరట్లోనే ఉన్నాయి కదా!

ఆ ఆశకు పాత వేళ్ళు కూడా ఉన్నాయి. మనిషి కృశించడాన్ని ఆయుర్వేదం శోష అంది, ధాతుక్షయం అంది. చరకుడు రాజయక్ష్మకు చికిత్సాస్థానంలో ఒక అధ్యాయమే ఇచ్చాడు. రోహిణి మీదే మక్కువతో మిగతా భార్యలను పట్టించుకోని చంద్రుడికి దక్షుడు క్షయం రావాలని శాపమిచ్చిన కథ దానికి మొదలు. ఆ వర్ణన ఎక్కువగా ఇప్పటి టీబీకి దగ్గరగా ఉంటుంది. దాన్ని క్యాన్సర్‌కు అతికించడం సరికాదు. కానీ నన్ను ఆకట్టుకున్న విషయం ఒకటుంది. కృశించిన రోగికి ఆయన మూలికలతో ఆగలేదు, మాంసరసాలు పట్టమన్నాడు. కండ తగ్గితే కండ పెట్టు అన్న ఆ చూపు ఇవాళ్టి పోషకాహార శాస్త్రానికి దూరం కాదు.

మొక్క నుంచి క్యాన్సర్ మందు రావడం కూడా కొత్త సంగతి కాదు. బిళ్ళగన్నేరు చూడండి. గుడి గోడ పక్కన, గేటు దగ్గర, ఎక్కడపడితే అక్కడ పూస్తుంది. జమైకాలో షుగరు జబ్బుకు దాని ఆకు కషాయం తాగేవారు. ఆ ఆకు కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకులకు చేరింది. షుగరు తగ్గలేదు గానీ ఎలుకల తెల్లరక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బుకు ఇది మందు కావచ్చు కదా అనుకున్నారు. 1950ల చివర విన్‌బ్లాస్టిన్ వచ్చింది, తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చింది. రక్త క్యాన్సర్ పిల్లలు ఇవాళ బతికి బట్టకడుతున్నారంటే అందులో ఈ మొక్క వాటా ఉంది. అయితే టన్నుల కొద్దీ ఆకు నుంచి గ్రాముల్లో తీసి, మిల్లీగ్రాముల్లో తూచి, నరంలోకి ఎక్కిస్తేనే అది మందు. గేటు దగ్గర ఆకులు నమిలితే విషం. నేను ప్రతి ఏడూ మొదటి పాఠంగా ఇదే చెప్పేవాణ్ణి. మొక్క గొప్పదా కాదా అని కాదు, ఎంత, ఏ రూపంలో, ఎవరికి అని అడగండి అనేవాణ్ణి.

ఇప్పుడు పసుపు దగ్గరికి వద్దాం. మా ఇంట్లో ఈ ప్రశ్న రానే వచ్చింది. "పసుపు పండించిన చేతికే ఈ జబ్బేమిటిరా, అందులో మందుందంటారు కదా, పాలల్లో ఎంత వెయ్యమంటావు?" అని అక్క అడిగింది. సమాధానం కోసం నేను చాలా రాత్రులు చదివాను.

పసుపులో అసలు సరుకు కర్క్యుమిన్. కొమ్ములో ఇంచుమించు 3 శాతం ఉంటుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి అని ఒక మీట పేరు చెప్పానే, గాజుపాత్రలోని కణాల మీద కర్క్యుమిన్ దాన్ని బాగా నొక్కి పెడుతుంది. ఎలుకల్లో కండ నష్టాన్ని తగ్గించిన ప్రయోగాలు ఉన్నాయి. చిక్కు మనిషి పేగు దగ్గర వస్తుంది. కర్క్యుమిన్ నీళ్ళలో కరగదు, పేగు దాన్ని సరిగా లోపలికి తీసుకోదు. తీసుకున్న కాస్తనూ కాలేయం వెంటనే మార్చి బయటకు పంపేస్తుంది. అమెరికాలో క్లోమ క్యాన్సర్ రోగులకు రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూశారు, 2008లో ఆ ఫలితం అచ్చయింది. 8 గ్రాములంటే పసుపు పొడి లెక్కన పావు కిలో పైమాట. అంత ఇచ్చినా రక్తంలో కనబడింది మిల్లీలీటరుకు కొన్ని పదుల నానోగ్రాములే. అంటే గ్రాములో వంద కోట్ల వంతును కొలతగా పెట్టుకుని లెక్కపెట్టాల్సినంత. గాజుపాత్రలో పనిచేసిన మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ.

మిరియాలు కలిపితే? అది మన పక్కనే, బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో 1998లోనే చూశారు. 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియంలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే మనుషుల రక్తంలోకి చేరిక 20 రెట్లు పెరిగింది. వినగానే ఉత్సాహం వస్తుంది. కానీ పైపరిన్ ఆ పని ఎలా చేసింది? మందులను విరిచి బయటకు పంపే కాలేయపు పనిని మందగింపజేసి. ఆ కాలేయం కర్క్యుమిన్ ఒక్కదానినే కాదు, కీమో మందులను కూడా చూసుకుంటోంది. ఒక తలుపు తెరిస్తే ఏమేం లోపలికి వస్తాయో అదుపు ఉండదు.

మరి అసలు ప్రశ్న, కండ నిలబడిందా? థాయిలాండ్‌లో తల, మెడ క్యాన్సర్లున్న 20 మందితో చిన్న పరీక్ష జరిగింది, 2022లో అచ్చయింది. కర్క్యుమిన్ తీసుకున్నవాళ్ళలో కండ మెరుగ్గా నిలిచినట్టు కనిపించింది. ఇరవై మంది అంటే ఒక బస్సులో సగం కూడా నిండరు. ఒకరిద్దరి ఫలితం తారుమారైతే లెక్క మారిపోతుంది. దానికి ఎదురుగా ఇంకోటి ఉంది. క్లోమ క్యాన్సర్‌కు కర్క్యుమిన్ తీసుకున్నవాళ్ళనూ తీసుకోనివాళ్ళనూ స్కానుల్లో పక్కపక్కన పెట్టి కొలిచిన అధ్యయనం 2016లో వచ్చింది. అందులో కర్క్యుమిన్ తీసుకున్నవాళ్ళకే కండ, కొవ్వు ఎక్కువ తగ్గాయి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి అక్కతో, "కూరలో వేసుకునే పసుపు వేసుకో అక్కా, పాలల్లో చిటికెడు వేసినా పరవాలేదు. మాత్రలు మాత్రం వద్దు" అన్నాను. ఇవాళ అడిగినా అదే చెబుతాను.

నాకు ఎక్కువ ఆశ కలిగించిన పరిశోధన అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో జరిగింది. అక్కడ క్రిస్టొఫర్ ఆడమ్స్ బృందం మూలికతో మొదలుపెట్టలేదు, కండతో మొదలుపెట్టింది. కండ కరిగేటప్పుడు మనిషి కండలో ఏ జన్యువులు మేల్కొంటాయి, ఏవి నిద్రపోతాయి అని ఒక పటం గీశారు. ఆ పటాన్ని సరిగ్గా తిరగేసే పదార్థం ఏదైనా ఉందా అని వందల పదార్థాల పట్టికలో వెతికారు. 2011లో ఉర్సోలిక్ ఆమ్లం దొరికింది. అది ఆపిల్ తొక్కలో ఉంటుంది, మన తులసిలోనూ ఉంటుంది. పస్తు పెట్టిన ఎలుకల్లో, కాలి నరం కోసిన ఎలుకల్లో కండ నష్టం తగ్గింది. 2014లో అదే పద్ధతిలో టొమాటిడిన్ దొరికింది. అది పచ్చి టమాటాల్లోని ఒక పదార్థం నుంచి పుడుతుంది. పచ్చి టమాటా పచ్చడి మనకు కొత్తా! కానీ తులసి దళాలతో, పచ్చడి మెతుకులతో ఆ మోతాదు అందదు. ఆ ఎలుకలకు క్యాన్సర్ లేదు కూడా. నాకు నచ్చింది వాళ్ళు వెతికిన దారి. ఏ మొక్క మీదా ముందే ప్రేమ పెంచుకోకుండా, తాళాన్ని చూసి తాళంచెవిని వెతికారు. మన మూలికా పరిశోధన చాలా వరకు ఎదురు దిశలో నడుస్తుంది. చేతిలో తాళంచెవి పట్టుకుని కనబడిన ప్రతి తలుపుకూ పెట్టి చూస్తాం.

ఇక అశ్వగంధ. మనం పెన్నేరు అంటాం, అనంతపురం, కర్నూలు మెట్ట పొలాల్లో పండుతుంది. బలానికి అని తరతరాలుగా పేరున్న వేరు. దానిలోని వితాఫెరిన్-ఎ ను లూయీవిల్ విశ్వవిద్యాలయంవాళ్ళు అండాశయ గడ్డలున్న ఎలుకలకు ఇస్తే కండ, గుండె క్షీణించడం తగ్గింది. మానుపసుపులో ఉండే బెర్బెరిన్ జపాన్‌లో ఎలుకల మీద ఇంటర్‌ల్యూకిన్-6 ను తగ్గించి బరువు కాపాడింది. తిప్పతీగ సారం నరం తెగిన ఎలుకల కండకు కొంత రక్షణ ఇచ్చిందని హర్యానా పరిశోధకులు 2020లో చెప్పారు. ఇవన్నీ నిజాయితీ గల పనులు. కానీ ఎలుకలో గడ్డ మూడు నాలుగు వారాల్లో పెరిగి దాని ఒంట్లో పెద్ద భాగమవుతుంది. మనిషిలో నెలలు, ఏళ్ళు పడుతుంది. ఎలుకలో మందు తరచూ గడ్డతో పాటే మొదలుపెడతారు. మనిషి వచ్చేసరికి ఉంగరానికి రెండో దారం పడి ఉంటుంది.

ఎలుకల్లో గెలిచి మనుషుల దగ్గర ఓడినవి మొక్కలు మాత్రమే కాదు. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఖరీదైన ఇంజెక్షన్లు కీళ్ళవాతంలో అద్భుతంగా పనిచేశాయి. క్యాన్సర్ కృశింపులో ఫలించలేదు. ఒక సంకేతాన్ని మూస్తే ఇంకో దారిలో కబురు వెళ్ళింది. ఆకలి పెంచుతుందని పేరున్న గంజాయి సారాన్ని యూరప్‌లో 243 మంది రోగుల్లో పరీక్షించారు, 2006లో ఫలితం వచ్చింది. మందు లేని ఉత్త మాత్రకూ దానికీ తేడా లేదు.

జపాన్‌వాళ్ళ రిక్కున్షితో గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. అది వాళ్ళ సంప్రదాయ కంపో వైద్యంలోని ఎనిమిది దినుసుల కషాయం. దాంట్లో అల్లం ఉంది, అతిమధురం ఉంది, ఒక రకం రేగుపండు ఉంది, నారింజ జాతి తొక్క ఉంది, జిన్‌సెంగ్ ఉంది. మన పచారీ కొట్లో దొరికేవి కొన్ని ఇందులో ఉన్నాయి. 1999లో జపాన్ శాస్త్రవేత్తలే గ్రెలిన్ అనే ఆకలి హార్మోనును కనిపెట్టారు. కీమో మందు సిస్‌ప్లాటిన్ ఇచ్చినప్పుడు ఎలుకల్లో ఈ గ్రెలిన్ పడిపోతుంది. రిక్కున్షితో ఇస్తే ఆ పతనం తగ్గింది, తొక్కలోని ఫ్లావనాయిడ్లు సెరటోనిన్ గ్రాహకాలను అడ్డుకోవడం దానికి కారణమని 2008లో చూపించారు. 2011లో గడ్డలున్న ఎలుకల ఆయువు పెరిగినట్టు కూడా రాశారు. మనుషుల్లో సాక్ష్యం ఇంకా పలచగానే ఉంది. అయినా రెండు విషయాలు మనం నేర్చుకోదగ్గవి. ఒకటి, జపాన్‌లో ఆ కషాయం పొట్లంలో దినుసుల పాళ్ళు ముందే నిర్ణయించి ఉంటాయి. డాక్టరు చీటీ మీద ఇస్తారు, ఆరోగ్య బీమాలో వస్తుంది, కాబట్టి అది రోగి కాగితాల్లో రాసి ఉంటుంది. రెండోది, కషాయం ఎక్కడ తాకుతోందో తెలుసుకోవడంతో వాళ్ళు ఆగలేదు. అదే గ్రెలిన్ తలుపును తట్టే అనమొరెలిన్ అనే మాత్రకు 2021లో అక్కడ అనుమతి ఇచ్చారు.

మా ఇంట్లో కషాయం కాగితాల్లో లేదు. చెప్పడానికి బాధగానే ఉంది. నాకు తెలియకుండా అక్క, ఎవరో బంధువు తెచ్చిచ్చిన పొడి రెండు నెలలు వాడించింది. డబ్బా మీద దినుసుల పేర్లు లేవు, కంపెనీ చిరునామా లేదు. నాలుగో కీమోకు ముందు రక్తపరీక్షలో కాలేయం లెక్కలు పెరిగాయి. ఆ విడత మూడు వారాలు వాయిదా పడింది. ఇంకేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడగలేదు, అక్క చెప్పలేదు. నర్సు ఒకామె సంచిలో డబ్బా చూసి అడిగింది. పొడి ఆపాక లెక్కలు దిగాయి. ఆ పొడే కారణమని నేను ఒట్టేసి చెప్పను. కీమో వల్ల కూడా అలా అవుతుంది. కానీ ఏది ఏమిటో తేల్చుకునే దారిని ఆ డబ్బా మూసేసింది. అక్క ఆ రోజు వార్డు బయట బల్ల మీద కూర్చుని, "నేనే చేతులారా చేశానా?" అని అడిగింది. ప్రేమతో చేసిన పనికి ఇంత శిక్ష ఉండకూడదు. అందుకే ఈ ప్రసంగం చేస్తానని ఒప్పుకున్నాను.

భయపెట్టడానికి కాదు, తెలియడానికి నాలుగు సంగతులు. 2020లో సెప్టెంబరు, డిసెంబరు మధ్య ముంబైలో తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు డాక్టర్లు గుర్తించి రాశారు. అశ్వగంధ, ఎక్కువ శక్తి గల పసుపు మాత్రల వల్ల కూడా అలాంటివి నమోదయ్యాయి. బాస్టన్ నగరంలో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి లోహాలు కనబడ్డాయని 2004లో అచ్చయింది. కీమోతో కలిస్తే ఏమవుతుందో చెప్పే మంచి ఉదాహరణ నెదర్లాండ్స్‌ది. అక్కడ దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికను ఇరినోటెకాన్ అనే కీమో మందుతో ఇస్తే, రక్తంలో పనిచేసే మందు 42 శాతం పడిపోయింది. ఆ ఇరినోటెకాన్ కూడా ఒక చెట్టు నుంచి వచ్చిందే. మూలిక వల్ల హాని కలగకపోయినా, మందు సగానికి సగం పనిచేయకుండా పోవచ్చు. అది ఆసుపత్రిలో చేసే మామూలు రక్తపరీక్షల్లో కనబడదు.

మరి ఇప్పుడు చేతిలో ఉన్నది ఏమిటి? పుదుచ్చేరి జిప్మర్‌లో చేసిన పని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది. జీర్ణకోశం, కాలేయం, క్లోమం, పిత్తవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లున్న 124 మందిని తీసుకున్నారు. కీమోతో పాటు సగం మందికి ఓలాంజపిన్ రోజుకు రెండున్నర మిల్లీగ్రాములు 12 వారాలు ఇచ్చారు. మానసిక వ్యాధులకు వాడే పాత మందు, చాలా చవక. అది తీసుకున్నవాళ్ళలో 60 శాతం మందికి బరువు 5 శాతానికి మించి పెరిగింది. ఉత్త మాత్ర తీసుకున్నవాళ్ళలో 9 శాతం మందికే. 2023లో ఈ ఫలితం వచ్చాక అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం తన సూచనలు మార్చింది. ఇది మొక్క మందు కాదు, డాక్టరు చూసి ఇవ్వాల్సినది, మగతగా ఉంటుంది. కానీ జిల్లా ఆసుపత్రిలో కూడా అడగగలిగిన మందు. 2024లో జీడీఎఫ్-15 ను పట్టుకునే పాన్‌సెగ్రొమాబ్ ఇంజెక్షన్ 187 మందిలో పరీక్షించారు. పెద్ద మోతాదు తీసుకున్నవాళ్ళు 12 వారాల్లో, ఉత్త సూదివాళ్ళకంటే 2.81 కిలోలు ముందున్నారు. అది ఇంకా మన దాకా రాలేదు.

తిండి సంగతి. ఒంటి బరువు కిలోకు రోజుకు ఒక గ్రాముకు పైన, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా ప్రోటీన్ అందాలని యూరప్ పోషకాహార నిపుణులు సూచిస్తారు. 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. అక్క అప్పటిదాకా పలచటి జావ, చారన్నం, బ్రెడ్డు పెట్టేది. జబ్బు మనిషికి పథ్యం కదా అని. డైటీషియన్‌తో మాట్లాడాక వంటిల్లు మారింది. ఉదయం పెసరట్టు, పది గంటలకు గుడ్డు, మధ్యాహ్నం ముద్దపప్పులో నెయ్యి, మెత్తగా ఉడికిన చేప, సాయంత్రం వేరుశనగ చిక్కీ, రాత్రి గట్టి పెరుగు. కంచంలో కాదు, చిన్న గిన్నెలో. రెండు గంటలకోసారి. బతిమాలడం మానేసింది. తింటే తిన్నారు, లేకపోతే గిన్నె తీసేసేది. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద మార్పు నేను చూడలేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గేటు దాకా నడక. కండకు పని చెబితేనే తిన్న ప్రోటీన్ కండకు చేరుతుంది.

బావగారు ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఉన్నారు. 72 వెనక్కి రాలేదు. 58 దగ్గర నిలిచింది, చాలా కాలం నిలిచింది. మిగిలిన కీమోలన్నీ పూర్తి మోతాదులోనే తీసుకోగలిగారు. పసుపు యార్డుకు రెండుసార్లు వెళ్ళి తన బస్తాలు తానే దగ్గరుండి తూయించుకున్నారు. ఇంట్లో తూకం మిషను లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు బస్తాల కాటా మీదే నిలబడి, "ఏవయ్యా బావమరిదీ, రాసుకో" అన్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఊళ్ళో పసుపు గోదాము కాటాయే మాకు తూకం మిషను. స్కూలు నోటు పుస్తకంలో తేదీ, బరువు, ఆ వారం మింగిన ప్రతి మందు పేరు, వంటింటి కషాయంతో సహా అక్క చేతిరాతలో ఉన్నాయి.

మీ ఇంట్లోనూ మిషను లేకపోతే రేషను షాపులో కాటా ఉంటుంది, ధాన్యం కొట్టులో ఉంటుంది. నెలకు రెండుసార్లు తూచి ఆ కాగితాన్ని ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. డాక్టరు అడగకపోయినా ఆయన బల్ల మీద పెట్టండి. ఆ కాగితం పక్కనే, మీరు వాడుతున్న పొడి డబ్బా కూడా.